ఎముకల సరస్సు మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో హిమాలయాల పేజీలో రూప్‌కుండ్ ఫొటో ఒకటి వేసి, కింద రెండు లైన్లు రాసి ఊరుకున్నాం. ఇక చూడండి, వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు అన్నీ దాని మీదే. సగం మంది "ఇది నిజమేనా" అని, మిగతా సగం మంది "అసలు సంగతి మాకు తెలుసు, మీరు సరిగ్గా రాయలేదు" అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క సరస్సుకే ఇచ్చేస్తున్నాం. మోకాళ్ల నొప్పులు, ఇన్‌కం టాక్స్ ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. హిమాలయాల్లో ఒక సరస్సు నిండా మనుషుల అస్థిపంజరాలేనట, బ్రిటిష్‌వాళ్లు చూసి ఆ విషయం బయటికి రానివ్వలేదట. ఇందులో నిజమెంత?
— ఓ గృహిణి, నిజామాబాద్

జవాబు: సరస్సు నిజం, ఎముకలు నిజం. బయటికి రానివ్వకపోవడం మాత్రం వీడియో చేసినాయన సొంత కవిత్వం అనుకోండి.

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, త్రిశూల్ పర్వతం పాదాల దగ్గర, 5,029 మీటర్ల ఎత్తున ఉంటుంది ఈ రూప్‌కుండ్. మన తూర్పు కనుమల్లో ఎంత ఎత్తైన కొండైనా 1,700 మీటర్లు దాటదు, దాన్నిబట్టి అది ఎంత పైన ఉందో చూసుకోండి. సరస్సు అన్నారు కదా అని హుస్సేన్‌సాగర్‌ని ఊహించుకోవద్దమ్మా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి సుమారు 40 మీటర్లే. లోతు రెండు మూడు మీటర్లు. ఏడాదిలో ఎక్కువ భాగం మంచు కిందే ఉంటుంది, వానాకాలం చివర్లో కొద్ది వారాలు మాత్రం కరుగుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న రాళ్ల సందుల్లో, నీటి అడుగున పుర్రెలు, తొడ ఎముకలు కనిపిస్తాయి.

1942లో నందాదేవి రిజర్వులో పనిచేసే హెచ్.కె. మధ్వాల్ అనే ఫారెస్ట్ రేంజర్ వీటిని చూసి పైవాళ్లకి చెప్పారు. అవతల రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది కదా, జపాన్ సైనికులు దొంగచాటుగా వచ్చి చలికి చనిపోయారేమో అని మొదట కంగారుపడ్డారు. తీరా చూస్తే అవి చాలా పాత ఎముకలు, ఆ అనుమానం అంతటితో పోయింది. 1841లో టిబెట్ మీదికి దండెత్తిన జోరావర్ సింగ్ సైన్యం తిరుగుదారిలో చిక్కుకుపోయిందని కొన్నాళ్లు అన్నారు. అదీ నిలవలేదు, ఎందుకంటే అక్కడ ఆయుధాలు దొరకలేదు, ఎముకల్లో ఆడవాళ్లవీ ఉన్నాయి. 1950ల్లో లక్నో యూనివర్సిటీ ఆంత్రోపాలజిస్ట్ డి.ఎన్. మజుందార్ బృందం వెళ్లి పరిశీలించింది. ఎముకలతోపాటు దొరికినవాటిలో తోలు చెప్పులు, వెదురు కర్రలు, గాజుపూసలు, ఉంగరాలు ఉన్నాయి. ఎంతమందివి అంటే 300 అనేవాళ్లున్నారు, 800 అనేవాళ్లున్నారు. కొండచరియలు విరిగిపడి అన్నీ కలగాపులగం అయిపోయాయి, వచ్చినవాళ్లు వచ్చినట్టు తలా ఒకటి పట్టుకుపోయారు, ఇక సరైన లెక్క ఎక్కడ తేలుతుంది!

ప్రశ్న: తొమ్మిదో శతాబ్దంలో క్రికెట్ బంతులంత వడగళ్లు పడి యాత్రికులందరూ ఒక్కసారే చనిపోయారని, పుర్రెల మీద ఆ దెబ్బలు ఇప్పటికీ ఉన్నాయని ఎక్కడో చదివాను. క్లాసులో పిల్లలకీ చాలాసార్లు చెప్పాను. మీరేమో "కారణం తేలలేదు" అని రాశారు. ఏది సరి?
— ఓ రిటైర్డ్ హైస్కూల్ టీచర్, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీరు చదివింది గాలి కబురేం కాదు. 2004లో నేషనల్ జియోగ్రాఫిక్ చానెల్ తరఫున మన దేశం నుంచి, యూరప్ నుంచి శాస్త్రవేత్తలు కలిసి అక్కడికి వెళ్లారు. తెచ్చిన ఎముకల్లో కొన్నిటిని ఆక్స్‌ఫర్డ్‌లో కార్బన్ డేటింగ్ (ఎముకలో మిగిలిన కార్బన్‌ని బట్టి వయసు కట్టే పరీక్ష) చేయిస్తే క్రీ.శ. 850 ప్రాంతం అని వచ్చింది. కొన్ని పుర్రెల పైభాగంలో గుండ్రని దెబ్బలు కనిపించాయి, కత్తిగాట్లు లేవు, అంటే పైనుంచి ఏదో బరువుగా వచ్చి తగిలింది. దానికి తోడు అక్కడి ఊళ్లలో ఒక పాట ఉంది. కన్నౌజ్ రాజు జశధవళుడు గర్భిణిగా ఉన్న రాణినీ, పరివారాన్నీ, నాట్యగత్తెల్నీ వెంటేసుకుని నందాదేవి యాత్రకి బయల్దేరాడట, పుణ్యక్షేత్రానికి వెళ్తూ ఆటపాటలేమిటని దేవికి కోపం వచ్చి ఇనుప గుండ్లలాంటి వడగళ్లు కురిపించిందట. ఆ దారిలో పాతర్ నచౌని అని ఒక చోటు ఇప్పటికీ ఉంది, నాట్యగత్తెలు రాళ్లయిపోయింది అక్కడేనని చెప్తారు. పాట, పుర్రె, కార్బన్ డేట్ మూడూ చక్కగా అతికాయి. అంత బాగా అతికిన కథని ఎవరు మాత్రం వదులుకుంటారు, పేపర్లు, టీవీలు పదిహేనేళ్లు దాన్నే చెప్పాయి.

వడగళ్లకి మనుషులు చచ్చిపోతారా అని కొందరు వెటకారంగా కూడా రాశారు. చచ్చిపోతారు. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ దగ్గర పడిన వడగళ్ల వానలో 246 మంది పోయారు, ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో ఇప్పటికీ వడగళ్ల చావుల్లో అదే అన్నిటికంటే పెద్దది. ఆ ఊరు ఈ కొండలకి మరీ దూరమేం కాదు. మైదానంలో, చెట్లూ ఇళ్లూ ఉన్నచోటే అలా జరిగితే, తల దాచుకోవడానికి ఒక్క చెట్టు కూడా లేని ఆ రాళ్ల లోయలో జరగదని ఎవరూ అనలేరు.

కానీ చిక్కు వేరేచోట ఉంది. మానని దెబ్బలు, అంటే చనిపోయేటప్పుడు తగిలినట్టు కనిపించేవి, పరీక్షించిన ఎముకల్లో ముగ్గురికే ఉన్నాయి. ముగ్గురు! వందలమంది చావుని ముగ్గురి తలల మీద పెట్టేశాం మనం. ఇక 2019లో వచ్చిన తేదీలు చూస్తే, వాళ్లందరూ ఒక్క రోజు కాదు కదా, ఒక్క శతాబ్దంలో కూడా పోలేదు. ఆ సంగతి తర్వాతి జవాబులో ఉంది. కాబట్టి పిల్లలకి చెప్పండి, "ఒకసారి వడగళ్ల వానలో కొందరు పోయి ఉండొచ్చు" అన్నంతవరకే చెప్పండి.

పాటని మాత్రం కొట్టిపారేయకండి. నందాదేవి రాజ్ జాత్ యాత్ర నౌటీ అనే ఊళ్లో మొదలై, నాలుగు కొమ్ముల పొట్టేలు ముందు నడవగా, ఈ రూప్‌కుండ్ మీదుగానే హోమ్‌కుండ్ దాకా వెళ్తుంది. పన్నెండేళ్లకోసారి అంటారు గానీ 2000 తర్వాత మళ్లీ జరిగింది 2014లో. అక్కడివాళ్లకి నంద అంటే గుడిలో దేవత మాత్రమే కాదు, ఇంటి ఆడపడుచు. పుట్టింటి నుంచి అత్తింటికి, అంటే కైలాసానికి సాగనంపుతూ ఆడవాళ్లు నిజంగానే ఏడుస్తారు, అచ్చం మన అప్పగింతల్లాగే. ఆ చుట్టుపక్కల గుళ్లలో 8 నుంచి 10వ శతాబ్దాల నాటి శాసనాలు కూడా దొరికాయి. అంటే ఆ కాలంలో భక్తులు ఆ దారిన నడిచారనడానికి పాట ఒక్కటే ఆధారం కాదు.

ప్రశ్న: నేను రోజూ హబ్సిగూడ మీదుగా ఆఫీసుకి పోతాను. ఆ ఎముకల గుట్టు విప్పింది అక్కడున్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ, మన సీసీఎంబీయే అని కొలీగ్ అంటున్నాడు. ఎక్కడి హిమాలయాలు, ఎక్కడి ఉప్పల్ రోడ్డు! వీళ్లు చేసిందేమిటి?
— ఓ ప్రైవేటు ఉద్యోగి, ఉప్పల్

జవాబు: మీ కొలీగ్ చెప్పింది సగానికి పైగా నిజం. "గుట్టు విప్పింది" అనడం కంటే, అందరూ విప్పేశాం అనుకుంటున్న ముడిని "ఆగండి, ఇది వేరే ముడి" అని చూపించింది అనాలి.

సీసీఎంబీ మాజీ డైరెక్టర్ లాల్జీ సింగ్, అక్కడి శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ ఈ పని మొదలుపెట్టారు. మొదట 72 ఎముకల నమూనాల్లోంచి మైటోకాండ్రియా డీఎన్ఏ తీసి చదివారు. అది తల్లి నుంచి మాత్రమే పిల్లలకి వస్తుంది, అంటే అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ, ఇలా ఆ ఒక్క వరసే దొరుకుతుంది. చూస్తే కొందరి వరస మన దేశంలో మామూలుగా కనిపించేదే, మరికొందరిది పశ్చిమ యూరేషియా (యూరప్, పడమటి ఆసియా) వైపుది. ఏదో తేడాగా ఉందని అక్కడే అర్థమైంది. ఆ తర్వాత లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, అమెరికాలోని హార్వర్డ్, ఇంకా జర్మనీ ల్యాబులు చేరి, 38 మంది పూర్తి జన్యువుల సమాచారాన్ని బయటికి తీశాయి. 28 మంది పేర్లతో ఆ పరిశోధన 2019 ఆగస్టులో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. లాల్జీ సింగ్ గారు దాన్ని చూడలేదు, 2017 డిసెంబర్‌లోనే పోయారు.

ల్యాబులో ఈ పని ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. పాత ఎముకలో డీఎన్ఏ ముక్కలు ముక్కలై, అతి కొంచెం మిగిలి ఉంటుంది. అవతల ఎముకని పట్టుకున్నాయన ఒక్కసారి తుమ్మితే చాలు, ఆయన డీఎన్ఏ దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చి పడుతుంది, అప్పుడు వెయ్యేళ్ల కిందటి యాత్రికుడి బదులు ఆయన పుట్టుపూర్వోత్తరాలు తేలతాయి. అందుకని దీనికి విడిగా గదులుంటాయి. ఒంటి నిండా సూటు, మాస్కు, గ్లవ్స్ వేసుకుని, ఎముక పైపొరని గీకి పారేసి, లోపలి నుంచి చిన్న డ్రిల్లుతో పొడి తీస్తారు. చిటికెడు పొడి. ఆ చిటికెడులోనే ఒక మనిషి కథ వెతుక్కోవాలి.

ఏం తేలిందంటే, 38 మందిలో 23 మంది మన ఉపఖండం వాళ్లు, 14 మంది తూర్పు మధ్యధరా (మెడిటరేనియన్) ప్రాంతం వాళ్లు, ఒక్కరు ఆగ్నేయాసియా మూలం ఉన్నవారు. మొత్తంలో మగవాళ్లు 23, ఆడవాళ్లు 15. (రెండు చోట్లా 23 వచ్చింది, కంగారుపడకండి, అది యాదృచ్ఛికం.) ఏ ఇద్దరూ దగ్గరి బంధువులు కారు, కనీసం కజిన్స్ కూడా కారు. కాబట్టి ఒక కుటుంబమో, రాజూ రాణీ బంధుబలగమో అన్నది వీళ్ల వరకు కుదరదు. అంటురోగాల ఆనవాళ్ల కోసం వెతికితే ఏ సూక్ష్మజీవీ దొరకలేదు. ఉపఖండం వాళ్లు కూడా ఒక్క ప్రాంతం వాళ్లు కారు, రకరకాల జన సమూహాల నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల ఎముకల తేదీలు 7 నుంచి 10వ శతాబ్దం దాకా పరుచుకుని ఉన్నాయి. అంటే తరతరాలుగా ఆ దారిన వచ్చిపోయేవాళ్లలో ఎవరో ఒకరు అక్కడ ఆగిపోయారు. ఇక మధ్యధరా వాళ్లూ, ఆ ఆగ్నేయాసియా మనిషీ వీళ్లకి సుమారు వెయ్యేళ్ల తర్వాత, 1800 ప్రాంతంలో పోయారు!

నాకు బాగా నచ్చింది తిండి సంగతి. జొన్న, సజ్జ, రాగి, కొర్ర లాంటి పైర్లు గాలిలోని కార్బన్‌ని ఒక పద్ధతిలో తీసుకుంటాయి, వరి, గోధుమ, బార్లీ ఇంకో పద్ధతిలో. తిన్నవాడి ఎముకలో ఆ తేడా మిగిలిపోతుంది. మన ఉపఖండం వాళ్ల ఎముకల్లో అన్ని రకాలూ కనిపించాయి, కొందరు జొన్న, సజ్జల మీద బతికినవాళ్లు, కొందరు వరి, గోధుమ తిన్నవాళ్లు, కొందరు రెండూ. మధ్యధరా గుంపులో చిరుధాన్యాల జాడ దాదాపు లేదు. డీఎన్ఏ చెప్పిన మాటే కంచం కూడా చెప్పింది, వీళ్లు వేరే ఊరి తిండి తిని పెరిగినవాళ్లని.

ప్రశ్న: ఆ మెడిటరేనియన్ వాళ్లు అలెగ్జాండర్ సైనికుల వారసులు కాకూడదా? హిమాచల్‌లో అలాంటి ఊళ్లు ఉన్నాయని ఇక్కడ మా నార్త్ ఇండియన్ ఫ్రెండ్స్ అంటుంటారు.
— ఓ తెలుగు ఎన్నారై, డల్లాస్

జవాబు: పరిశోధకులకీ ఇదే అనుమానం వచ్చింది, చూశారు, కాదని తేల్చారు. అలెగ్జాండర్ వచ్చింది క్రీ.పూ. 326లో. ఆయన మనుషులు ఇక్కడే స్థిరపడితే రెండు వేల ఏళ్లకి పైగా ఇక్కడివాళ్లతో పెళ్లిళ్లు జరిగి ఉండాలి, రక్తం కలిసి ఉండాలి. ఈ 14 మందిలో మన వైపు కలయిక కనిపించలేదు. ఇవాళ్టి గ్రీస్, క్రీట్ ద్వీపం జనానికి బాగా దగ్గరగా ఉన్నారు. అంటే అక్కడ పుట్టి, అక్కడ పెరిగి, ఇక్కడికి వచ్చి పోయినవాళ్లు కావచ్చు. అప్పట్లో ఆ ప్రాంతమంతా ఒట్టోమాన్ సుల్తానుల చేతిలో ఉండేది కాబట్టి వాళ్లు తమని తాము "గ్రీకులం" అని చెప్పుకునేవారని కూడా అనుకోనక్కర్లేదు.

ఎందుకు వచ్చారంటే, ఎవరికీ తెలీదు. మెయిళ్లలో వచ్చిన ఊహలు మాత్రం భలే ఉన్నాయి: వ్యాపారులు, గూఢచారులు, సర్కస్ బృందం, ఒకరైతే గ్రహాంతరవాసులు కూడా. 1800 అనేది కూడా ఖచ్చితమైన ఏడాది కాదని గుర్తుంచుకోండి. ఆ కాలపు ఎముకలకి కార్బన్ డేటింగ్ సన్నగా లెక్క చెప్పలేదు, 17 నుంచి 20వ శతాబ్దం దాకా ఎక్కడైనా పడొచ్చు. నిజంగా 1800 దగ్గరే అయితే ఆ కొండలు గోర్ఖాల పాలనలోకి వెళ్తున్న రోజులవి, కుమావూ 1790లోనే వాళ్ల చేతికి వచ్చింది, 1815లో ఇంగ్లీషువాళ్లు వాళ్లని వెళ్లగొట్టారు. యుద్ధాలు, పన్నులు, ఊళ్లు ఖాళీ కావడం, ఇలాంటి గందరగోళంలో అంతమంది విదేశీయులు ఒక గుంపుగా కొండెక్కితే ఎవరో ఒకరు నాలుగు ముక్కలు రాసి ఉండాలి కదా అనిపిస్తుంది నాకు. ఏ పాత దస్త్రంలోనో ఉండే ఉంటుంది, ఇంగ్లీషులో కాకుండా ఫార్సీలోనో, టర్కీ భాషలోనో. వెతికే ఓపిక ఉన్నవాళ్లకి మంచి పీహెచ్‌డీ టాపిక్.

ప్రశ్న: అంత ఎత్తులో, చుట్టూ రాళ్లుండే చోట నీళ్లు ఎలా నిలుస్తాయి సార్? ఎముకలు వెయ్యేళ్లయినా ఎందుకు మట్టిలో కలవలేదు?
— బీఎస్సీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఒకప్పుడు అక్కడ హిమానీనదం ఉండేదమ్మా. మంచు ఏటికేడు పేరుకుని, తన బరువుకి తానే కిందికి మెల్లగా జారుతుంది. జారేటప్పుడు అడుగున ఇరుక్కున్న రాళ్లతో కొండని దొలిచేస్తుంది, కొండ ఒడిలో గిన్నెలాంటి గుంట పడుతుంది. ఆ మంచు వెనక్కి తగ్గాక గుంట మిగులుతుంది, కరిగిన మంచూ వాననీరూ అందులో చేరతాయి. పెద్ద సరస్సుల్లో ఇంకో రకం ఉంది, హిమానీనదం తోసుకొచ్చిన రాళ్లూ మట్టీ ముందు కట్టలాగా పడి, దాని వెనక నీళ్లు ఆగుతాయి. ఆ రెండో రకం గురించి కింద చెప్తాను.

ఎముకలంటావా, అంతా చలి మహిమ. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆ చలికి పని చెయ్యవు, చేసినా నత్తనడకే. మొదట చూసినప్పుడు కొన్నిటికి జుట్టు, మాంసం కూడా అంటుకునే ఉన్నాయి. డీఎన్ఏ విరిగిపోవడం కూడా చలిలో నిదానం. మన గోదావరి ఒడ్డు మట్టిలో అదే వయసు ఎముక దొరికితే అందులోంచి డీఎన్ఏ తీయడం చాలా కష్టం.

ప్రశ్న: 2013లో కేదార్‌నాథ్ వెళ్లి మూడు రోజులు తిండి లేక చిక్కుకుపోయిన కుటుంబం మాది. పైనున్న సరస్సు తెగిందన్నారు. ఆ మధ్య సిక్కింలోనూ అదే. ఈ రూప్‌కుండ్ కూడా తెగుతుందా?
— ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీరంతా క్షేమంగా ఇంటికి చేరినందుకు సంతోషమమ్మా. ఆ రోజు చిక్కుకున్న తెలుగువాళ్లలో అందరికీ ఆ అదృష్టం లేదు.

రూప్‌కుండ్ విషయంలో భయం అక్కర్లేదు. 40 మీటర్ల వెడల్పు, ఎక్కువలో ఎక్కువ మూడు మీటర్ల లోతు వేసుకున్నా నీళ్లు 4,000 ఘనపు మీటర్లు దాటవు. మీరు చెప్పిన రెండూ పైన చెప్పిన రెండో రకం, రాళ్లూ మట్టీ మంచుగడ్డా కలిసిన కట్ట వెనక ఆగిన నీళ్లు. ఆ కట్టని ఎవరూ ఇంజినీరింగ్ చేసి కట్టలేదు, తూము లేదు, అలుగు లేదు. కేదార్‌నాథ్ పైనున్నది చోరాబారీ తాల్. 1948లో గాంధీగారి చితాభస్మం కలిపారు కాబట్టి గాంధీ సరోవర్ అని కూడా అంటారు. మామూలుగా అందులో నీళ్లు పెద్దగా ఉండవు. 2013 జూన్‌లో ఆగకుండా కురిసిన వానకి, కరిగిన మంచు తోడై నిండిపోయి, 17వ తేదీ పొద్దున కట్ట తెగింది.

సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు కథ ఇంకా పెద్దది. హిమానీనదం కరుగుతూ వెనక్కి వెళ్లేకొద్దీ ఆ సరస్సు దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చింది, ప్రమాదం ఉందని శాస్త్రవేత్తలు ముందే హెచ్చరించారు. 2023 అక్టోబర్ 3 రాత్రి పక్కనున్న గడ్డకట్టిన మట్టిరాళ్ల గుట్ట ఒకటి సరస్సులోకి జారిపడింది. దాంతో సుమారు 20 మీటర్ల అల లేచి కట్టని కోసేసింది, దాదాపు 5 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు తీస్తా లోయలోకి దూకాయి. రూప్‌కుండ్‌లాంటివి పన్నెండు వేలు కలిపినా అంత కాదు. చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 ప్రాజెక్టు డ్యాం కొట్టుకుపోయింది. హైదరాబాద్‌లోని మన ఎన్ఆర్ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) వాళ్లు ఆ మర్నాడే ఉపగ్రహ చిత్రాలు విడుదల చేశారు: సెప్టెంబర్ 28న 167.4 హెక్టార్లున్న సరస్సు అక్టోబర్ 4కి 60.3 హెక్టార్లకి పడిపోయింది.

హిమాలయాల్లో మంచు సరస్సులన్నిటినీ ఉపగ్రహాలతో కనిపెడుతూ జాబితాలు వేసేది కూడా ఈ సంస్థే. పైనుంచి చూడటం బాగానే జరుగుతోంది. చూసింది కింద లోయలో నిద్రపోతున్నవాళ్లకి వేళకి చేరడం దగ్గరే మన వ్యవస్థ కుంటుతోందని నా అభిప్రాయం. ఎత్తున ఒక సైరన్, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి, ఊళ్లో ఎటు పరిగెత్తాలో ముందే తెలిసి ఉండటం, డ్యాముతో పోలిస్తే వీటికయ్యే ఖర్చెంత?

ప్రశ్న: గుర్తుగా ఒక చిన్న ఎముక తెచ్చుకుంటే తప్పా?
— ఇంటర్ విద్యార్థి, కర్నూలు

జవాబు: తప్పే. ఎవరి తాతదో, ఎవరి అమ్మదో అయిన ఎముకని నీ షోకేసులో పెట్టుకుంటావా బాబూ? నీకంటే ముందు వెళ్లిన "గుర్తులవాళ్లు" పట్టుకుపోబట్టే పై లెక్కలేవీ సరిగ్గా తేలడం లేదు.

ప్రశ్న: మా ఆఫీసు ఫ్రెండ్స్ ఏడుగురం వచ్చే సెప్టెంబర్‌లో రూప్‌కుండ్ ట్రెక్ ప్లాన్ చేస్తున్నాం. ఒక ఏజెంట్ అడ్వాన్స్ అడుగుతున్నాడు. ఇద్దరికి తప్ప ఎవరికీ ట్రెక్కింగ్ అలవాటు లేదు. వెళ్లొచ్చా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అడ్వాన్స్ ఇవ్వకు తమ్ముడూ, ఇప్పుడే వద్దు. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు అక్కడి బుగ్యాల్స్‌లో, అంటే ఎత్తున ఉండే పచ్చికబయళ్లలో, రాత్రి బస చేయకూడదని తీర్పిచ్చింది. రూప్‌కుండ్ దారి లోహాజంగ్ నుంచి అలీ బుగ్యాల్, బేద్నీ బుగ్యాల్, పాతర్ నచౌని, బగువాబాసా మీదుగా పోతుంది, మధ్యలో టెంట్ వేయకుండా ఒక్క రోజులో పోయిరావడం అయ్యే పని కాదు. పేరున్న ట్రెకింగ్ కంపెనీలు అప్పుడే ఈ దారి మానేశాయి. మీ ఏజెంట్‌ని ఒక్కటే అడగండి, ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పర్మిషన్ కాగితం చూపించమని. "అదంతా అక్కడ చూసుకుంటాం సార్" అన్నాడా, నంబర్ బ్లాక్ చెయ్యి.

కొత్తవాళ్లు ఎక్కువ ఉన్నారు కాబట్టి అదే లోహాజంగ్ నుంచి బ్రహ్మతాల్ వెళ్లండి. ఎత్తు చాలా తక్కువ, త్రిశూల్ ఎదురుగా కనిపిస్తుంది, అదీ సరస్సే. ఎముకలుండవు, అంతే తేడా.

ఎప్పుడు వెళ్లినా ఒళ్లు జాగ్రత్త. 5,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి విశాఖ బీచ్‌లో ఉన్నదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. రోజూ జిమ్‌కి వెళ్తానని ధీమాగా ఉన్నవాళ్లే అక్కడ ముందు పడిపోవడం మామూలు, ఎందుకంటే వాళ్లు ఆగరు. 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటికీ రేపు రాత్రి పడుకునే చోటికీ మధ్య 500 మీటర్ల కంటే తేడా లేకుండా చూసుకోండి. తలనొప్పి, వాంతి ఉంటే అక్కడే ఆగాలి, పైకి పోకూడదు. నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గుతో పింక్ రంగు నురగ వచ్చినా రాత్రీ పగలూ చూడకుండా కిందికి దింపేయాలి, "పొద్దున చూద్దాం" అనుకుంటే పొద్దుటికి మనిషి ఉండకపోవచ్చు. ఎత్తు పడకపోతే వాడే డయామాక్స్ మాత్ర ఫ్రెండ్ చెప్పాడని వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. మీ ఏడుగురిలో బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లెవరో ముందు తేల్చుకుని, అందరూ ఒకసారి డాక్టర్‌కి చూపించుకున్నాకే టికెట్లు బుక్ చేసుకోండి.